పాతబాటమీది మోహము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో 66వ నంబరు రహదారి యని యొక మార్గము గలదు. గలదనుటకంటె నుండెననుట సత్యమునకు దగ్గర. 1926వ సంవత్సరము నవంబరు 11వ తేదీని పుట్టి, 1985వ సంవత్సరము జూను 27వ తేదీని ప్రభుత్వపు పట్టికనుండి కొట్టివేయబడిన యీ మార్గము చికాగో నగరమున బయలుదేరి, ఎనిమిది రాష్ట్రములు దాటి, తుదకు శాంటా మోనికాయొద్ద పసిఫిక్కు సముద్రతీరమును చేరెడిది. పొడవు సుమారు 2,400 మైళ్లు. ఇప్పుడది తునుకతునుకలుగా మిగిలియున్నది. ఆ తునుకలను వెదకికొనుచు, పాతకాలపు మోటారుకార్లలోనో మోటారుసైకిళ్లమీదనో పోవుచు, దారిప్రక్క పాతబసలలో నిద్రించుచు, తుప్పుపట్టిన పెట్రోలుపంపులచెంత ఛాయాచిత్రములు తీయించుకొనువారు దేశదేశములనుండి వచ్చుచున్నారు. అమెరికాలో చదువుకొనుచున్న మన బిడ్డలు పంపు చిత్రములలో సైతము డాలువంటి ఆ నంబరుపలక తఱచుగా గానవచ్చుచున్నది.

యాత్రలు చేయరాదని నేననను. దేశము చూచుట మంచిదే. నిదానముగా చూచుట మఱింత మంచిది. నా తగవు యాత్రతో గాదు, యాత్రకు వెనుక నిలిపిన కథతో. ఆ కథ యిట్లుండును: పూర్వము దేశము శాంతముగాను స్నేహముగాను నుండెను, ప్రతి భోజనశాలయు వచ్చినవారిని రమ్మని పిలిచెడిది, కారును కొంత పెట్రోలును గలవాడెల్ల స్వేచ్ఛగా పడమటికి సాగెడివాడు, పిమ్మట పెద్ద రహదారులు వచ్చి యా సుఖమును మ్రింగివైచినవి. ఇందు చివరిమాట కొంత నిజము. తక్కినది వినుటకు తీపియైన యసత్యము.

ఈ బాటకు లోకప్రసిద్ధి తెచ్చినది 1946లో బాబీ ట్రూపు కట్టిన పాట. ఆ సంవత్సరమే దానిని పాడి యింటింట వినిపించినవాడు నాట్ కింగ్ కోలు. దారిలోని పట్టణముల పేర్లను పూసలుగా గ్రుచ్చిన పాట యది. ఈనాటి యాత్రికులును దానిని వినుచునే పోవుదురు. కోలు నల్లజాతివాడు. ఆ పేర్లుగల యూళ్లలో నెన్నింట నాడాతనికి పడకయు నన్నమును దొరకియుండెడివో విచారించువారు అరుదు. 1948లో ఆయన లాస్ ఏంజిలీసు నగరమున హాంకాకు పార్కు అను పేటలో నిల్లు కొనగా, నల్లవారు తమ నడుమ నుండరాదని యిరుగుపొరుగువారు కూడబలుకుకొని యెదిరించిరి. లోకులను పడమటికి రమ్మని పిలిచిన కంఠమునకు పడమటినగరము చేసిన మర్యాద యిది!

ఇది యొక్కనికి గలిగిన యవమానము గాదు. 1936లో న్యూయార్కున తపాలా జవానుగా నుండిన విక్టరు హ్యూగో గ్రీను ఒక చిన్నపుస్తకము ప్రకటింప నారంభించెను. ఏ యూర నల్లవారికి గది యిత్తురు, ఎవరు భోజనము పెట్టుదురు, ఎక్కడ కారు బాగుచేయుదురు అనునవే యందలి విషయములు. క్రమముగా నది దేశమంతటికిని విస్తరించి, 1960లు దాటుచున్నంతవఱకును వెలువడెను. వినోదమునకై పోవువానికి దారిచూపు పుస్తకములు వేఱు; ప్రాణముతో నిల్లు చేరవలసినవానికి దారిచూపు పుస్తకము వేఱు. ప్రొద్దుగ్రుంకినపిదప నల్లవారు కంటబడరాదని కట్టడిచేసిన యూళ్లు నాడు మెండు. ఈ మార్గము దాటు 89 కౌంటీలలో 44 అట్టివేయని, గ్రీను పుస్తకముమీద పరిశోధన చేసిన క్యాండసీ టేలరు లెక్కతేల్చిరి. ఓక్లహోమా రాష్ట్రములోని ఎడ్మండు పట్టణమున, ఈ బాటప్రక్కనే, ఒక భోజనశాలవారు తమ యూర నల్లవారు లేరని గొప్పగా అచ్చువేయించిన కార్డులను పంచిరి. దాచవలసిన సిగ్గు కాదు, ప్రకటించుకొనదగిన సొగసని వారెంచిరి! అదే రాష్ట్రమున, ఈ బాట పుట్టుటకు అయిదేండ్లకు ముందు, 1921లో, టల్సా నగరములో గ్రీన్‌వుడ్డు అను నల్లవారిపేటను తెల్లవారు తగులబెట్టిరి. ఆ టల్సా నడుమనుండియే యీ బాట సాగెను.

సరే, తెల్లవారికైనను ఇది సుఖమార్గమా యనిన, పేదవారికి గాదు. 1930లలో అనావృష్టిచేతను, ధూళితుపానులచేతను, అప్పులచేతను చెడిన రైతులు చెంబు చాప కారుకప్పున కట్టుకొని యీ దారినే కాలిఫోర్నియాకు వలసపోయిరి. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలీసు పోలీసు అధికారి తన నగరపు పోలీసులను 136 మందిని రాష్ట్రపు పొలిమేరలకు పంపి, చేత డబ్బు లేనివారిని వెనుకకు మరలించెను. స్వదేశమున నొక రాష్ట్రమునుండి యింకొక రాష్ట్రమునకు పేదవాడు పోవచ్చునని చెప్పుటకు సుప్రీముకోర్టు 1941వఱకు పట్టినది. ఈ బాటకు తల్లి యని పేరుపెట్టినవాడు 1939లో వలసరైతుల కథ వ్రాసిన స్టయిన్‌బెక్కు. ఇల్లు పోయినవారు తొక్కిన దారికి ఆయన పెట్టిన పేరు నేడు కాఫీగిన్నెలమీదను చొక్కాలమీదను అమ్ముడుపోవుచున్నది.

ఆరిజోనాలోని హోల్‌బ్రూకు పట్టణమున 1950లో కట్టిన బసయొకటి గలదు. గదులన్నియు సిమెంటు గుడారములు. యాత్రికులందఱును చూడగోరున దది. గుడారము దూరపు మైదానములలోని జాతులవారిది. ఆ ప్రాంతపు నవాహోలది కఱ్ఱతోను మట్టితోను కట్టిన హోగను అను నిల్లు. నవాహో నేలయొద్ద నిలిచి నవాహోను జూడక సిమెంటు గుడారమును జూచి మురియుటను చరిత్రప్రేమ యందురా? ఇట్టిదే బస కాలిఫోర్నియాలోను గలదు. దానిని 2003లో కొని బాగుచేసినది గుజరాతీ కుటుంబము. ఇట్టి బసలను నిలిపినవారిలో మన గుజరాతీలు చాలమంది. అట్టివారి పొరుగున, ఇది అమెరికనులు నడుపు బస యని పలకలు వ్రేలాడదీసి, బాటసారులను తమవైపు త్రిప్పుకొనజూచిన వర్తకులును ఉండిరి.

సంతోషముగా తిరుగబోవువానికి చరిత్రపాఠమెందుకని కొందఱందురు. కొండనో జలపాతమునో చూడబోవువాడట్లనిన నేను మాఱుపలుకను. ఈ యాత్రికుడు పోవుచున్నది గతకాలమును చూచుటకే గదా! అదియే యాతడు కొను సరకు. పాలు కొన్నవానికి నీళ్లు కలిపి పోయుట ధర్మమగునా? ద్రోణునియెదుట నర్ధసత్యము పలికినంతనే, అదివఱకు నేలనంటక నడచిన ధర్మరాజురథము నేలకు దిగెనని భారతకథ. ఈ యాత్రికుల రథములు మాత్ర మర్ధసత్యముపైననే నేలనంటక సాగుచున్నవి. మనలోను పూర్వపు సత్రముల యన్నదానమును దలచి కన్నీరు పెట్టువారు గలరు; ఆ పంక్తులలో నెవరిని కూర్చుండనిచ్చిరని యడిగిన ముఖము త్రిప్పుకొందురు.

ఇంకొక యాక్షేపణ గలదు. అది బరువైనది. 1956 శాసనముచే కట్టబడిన క్రొత్త రహదారులు ఊళ్లను ప్రక్కకు నెట్టినవి. ఆరిజోనాలోని సెలిగ్మను గ్రామము 1978లో నట్లు విడువబడెను. కడపటిదగు విలియమ్సు పట్టణమునకు 1984లో ఆ గతియే పట్టెను. సెలిగ్మనులో మంగలిదుకాణము నడుపుచుండిన ఏంజెలు డెల్గడిల్లో తోటివారిని కూడగట్టి 1987లో నొక సంఘము స్థాపించి, పాతబాటకు రాష్ట్రప్రభుత్వపు గుర్తింపు తెప్పించెను. పోయిన బాటసారులు తిరిగి వచ్చిరి; అంగళ్లు బ్రదికినవి. ఈయన చేసినపనికి నేను చేతులెత్తి మ్రొక్కుదును. తన యూరు చావకుండ నిలుపుకొనుట మోహము గాదు, పౌరుషము. కాని యూరు బ్రదుకుటకు అసత్యమేల కావలయును? క్రొత్తదారిని దూషించుటయేల? ఇరుకైన పాతబాటపై కార్లు ఢీకొని జనులు చచ్చుచుండుటచే, నెత్తుటిబాట యని దానికి పేరుండెను. ఓటుమనుయొద్ద కనుమ యెక్కునప్పుడు, ఇంజనుకు పెట్రోలు పల్లమునకు జారియే అందవలసిన ఆనాటి కార్లు కొన్ని వెనుకకు నడపినగాని యెక్కలేకపోయెడివి. అట్లెక్కినవారి మనుమలు నేడా మలుపులలో వినోదముగా నూగుచున్నారు. సంతోషమే, కాని తాతలు క్రొత్తదారిని చూచి యేడ్వలేదని మఱువరాదు.

సత్యము తెలియక జరుగుచున్న పొరపాటు గాదిది. ఈ బాటను కాపాడుటకు 1999లో శాసనము చేసి, ఆ పనిని జాతీయోద్యానశాఖ కప్పగించిరి. ఆ శాఖవారే నల్లవారు ఈ దారిలో పడిన యిక్కట్లగూర్చి వ్యాసములు ప్రకటించిరి. 2020లో శతాబ్ది యుత్సవములకు సంఘము నేర్పఱచుచు వేఱొక శాసనము వచ్చెను. ధనమును గలదు, ఎఱుకయు గలదు. రంగుదీపముల పలకలను వెలిగించినంత శ్రద్ధతో గ్రీను పుస్తకములోని యిండ్లను గుర్తించి యొక్కొక్క ఫలకము నిలుపుటకు అడ్డేమి?

టల్సానుండి ఓక్లహోమా నగరమునకు పోవుచు లూథరు అను చిన్నయూరు చేరకముందు, ఇసుకరాతితో కట్టిన పెట్రోలుబంకు ఒకటి కనబడును. నల్లవారగు థ్రెట్టు కుటుంబమువారు సుమారు 1915లో దానిని కట్టిరి. దారిలో నెవ్వరును నిలువనీయని బాటసారులు అక్కడ నిర్భయముగా నిలిచెడివారు. 1995లో దానిని జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేర్చిరి. సిమెంటు గుడారములను చూడబోవు మన బిడ్డలు తూర్పునుండి పోయినచో, వానికంటె ముందు ఇదియే తగులును.