మూసిన ట్యాంకును మళ్లీ తెరవాల్సిందే

సూరత్ పక్కన, తపతి నది సముద్రంలో కలిసే చోట హజీరా ఉంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ ఫ్యూజన్ రియాక్టర్‌కు కావలసిన క్రయోస్టాట్ భాగాలు అక్కడి ఎల్ అండ్ టి కర్మాగారంలోనే తయారయ్యాయి. మొత్తం బరువు 3,850 టన్నులు. అంత పెద్ద వాక్యూమ్ పాత్రకూ, షెడ్డులో ఒక మనిషి సొంతంగా కట్టుకునే చిన్న విమానపు ఇంధన ట్యాంకుకూ పోలికేమిటి అనిపించవచ్చు. కానీ రెండింటినీ అడిగే ప్రశ్నలు అవే. ఎక్కడైనా కారుతోందా? తప్పు బయటపడితే ఏం చేస్తాం? రెండో ప్రశ్న గురించే నా గొడవ.

కిట్టు కొని విమానం కట్టుకునేవాళ్లు అమెరికా, బ్రిటన్‌లలో చాలామందే ఉన్నారు. మన దేశంలో ముంబైలో మేడ మీద విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ కథ తెలిసిందే. 2017లో దానికి రిజిస్ట్రేషన్ దొరికింది.

చాలా కిట్టు విమానాల్లో రెక్క ముందు భాగమే ట్యాంకు. అల్యూమినియం రేకుల అతుకులకు పాలీసల్ఫైడ్ సీలెంట్ పూసి రివెట్లు కొడతారు. చేతికి అంటితే ఓ పట్టాన వదలదది. చివరిగా వెనక రేకు బిగిస్తే ఇక లోపలికి దారి ఉండదు. సరిగ్గా అప్పుడే గుర్తొస్తుంది, ఇంధనాన్ని పీల్చే గొట్టం చివర అడుగుకు ఆనుకుని ఉండాల్సింది, కాస్త పైకి బిగించామని. ఇక చివరి కొన్ని లీటర్లు ట్యాంకులో ఉంటాయి, గేజిలోనూ కనిపిస్తాయి, ఇంజిన్‌కు మాత్రం అందవు.

ఇక్కడ మనసు ఒక సులువు దారి చూపిస్తుంది. గేజి పక్కన ‘చివరి ఐదు లీటర్లు లెక్కపెట్టవద్దు’ అని చీటీ అంటిస్తే సరిపోదా? జుగాడ్‌ను మెచ్చుకోవడం మనకు అలవాటు. ఇంధనం విషయంలో నాకది నచ్చదు.

ఎందుకో 1997 అక్టోబరు 12 చెబుతుంది. గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలో తాను కొత్తగా కొన్న లాంగ్-ఈజెడ్ విమానం కూలి చనిపోయాడు. దాన్ని కట్టిన వ్యక్తి ట్యాంకులు మార్చే వాల్వును, డిజైన్‌లో ఉన్నట్టు పైలట్ కాళ్ల మధ్య కాకుండా, ఎడమ భుజం వెనక పెట్టాడు. దాని మీద గుర్తులూ లేవు. తిప్పాలంటే ఒళ్లంతా వెనక్కి మెలితిప్పాలి. ఇబ్బంది డెన్వర్‌కు ముందే తెలుసు. పిడిని పొడిగించడానికి ఒక పట్టుకారు బిగించి చూశారు, కుదరలేదు. ఇంధన గేజి కనబడటానికి ఒక అద్దం ఇచ్చారు. వాల్వును అందుకోబోయి అతను తెలియకుండా కుడి రడ్డర్ పెడల్ తొక్కాడని, విమానం అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. తప్పు అందరి కళ్ల ముందే ఉంది. అద్దం చాలనుకున్నారు.

మరి ట్యాంకును బాగుచేయడం ఎలా? వెనక రేకు రివెట్లను డ్రిల్లుతో తీయాలి, లేదా ఆ రేకులో చెయ్యి పట్టేంత రంధ్రం కోసి, పని అయ్యాక పైన సీలెంట్‌తో మూతపలక రివెట్ చేయాలి. లోహపు పొట్టు ఒక్క ముక్క మిగలకూడదు, ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది. లీకు కనబడితే బయటినుంచి పూత పూసి ఊరుకోవడమూ కుదరదు. లోపలి ఒత్తిడి బయటి పూతను ఊడదీయడానికి చూస్తుంది, లోపలి పూతనైతే రేకుకే అదుముతుంది.

తర్వాత పరీక్ష. పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో వంచి, నీళ్లు పోసి, ట్యాంకుకు తగిలించి సైకిల్ పంపుతో మెల్లగా గాలి ఎక్కిస్తారు. నీటి మట్టాల తేడా 70 సెంటీమీటర్లయితే ఆపేయాలి. అది చాలా తక్కువ ఒత్తిడే. అయినా చదరపు మీటరు రేకు మీద దాదాపు 700 కిలోల బరువుతో సమానం! కంప్రెసర్ పెడితే ట్యాంకు ఉబ్బి పాడవుతుంది. మర్నాడు మట్టం తగ్గిందని గాభరా పడనక్కర్లేదు, సంబరమూ వద్దు. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే మట్టం దాదాపు మూడున్నర సెంటీమీటర్లు కదులుతుంది, బయటి వాతావరణ పీడనం ఒక మిల్లీబార్ మారితే ఇంకో సెంటీమీటరు. ఈ రెండూ లెక్కగట్టాకే లీకు ఉందో లేదో తెలుస్తుంది. ఎమ్మెస్సీ ల్యాబులో g విలువ 9.8 వచ్చేదాకా రీడింగులు సర్దిన నాకు ఈ నీటి గొట్టం అంటే కొంచెం భయం, చాలా గౌరవం.

ఇటర్‌కూ ఇదే పరిస్థితి వచ్చింది. 2021 నవంబరులో హీలియం పరీక్షలో థర్మల్ షీల్డ్‌లో లీకు దొరికింది. అది హజీరాలో తయారైన భాగం కాదు, వేరేది. శీతలీకరణ గొట్టాలను వంచి వెల్డ్ చేసినప్పుడు మిగిలిన ఒత్తిడికి, అతుకుల దగ్గర ఉండిపోయిన క్లోరిన్ తోడై పగుళ్లు వచ్చాయి. మరుసటి ఏడాది సంస్థే ఈ సంగతి బయటపెట్టింది. దాదాపు 23 కిలోమీటర్ల గొట్టాలు మార్చాలన్నారు. 2022 మేలో రియాక్టర్ గుంటలోకి దించిన భారీ మాడ్యూల్‌ను 2023 జులైలో మళ్లీ పైకి ఎత్తారు. డబ్బు పోయింది, ఏళ్లు పోయాయి, విమర్శలూ వచ్చాయి. నా దృష్టిలో ఆ ప్రాజెక్టులో అన్నిటికన్నా నమ్మకం కలిగించిన రోజు అదే.

సొంతంగా విమానం కట్టేవాడికి అంత పెద్ద సంస్థ అండ ఉండదు. అందుకే అమెరికాలో అనుభవజ్ఞులైన స్వచ్ఛంద సలహాదారులు షెడ్డుకు వచ్చి, రేకులు మూయకముందే పని చూస్తారు. మన ఇంజినీరింగ్ కాలేజీలకు, ఫ్లయింగ్ క్లబ్బులకు ఆ ఏర్పాటు కావాలి. మనుషులు లేక కాదు. హజీరాలో, విశాఖ బీహెచ్‌పీవీలో, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో జీవితమంతా అతుకులు పరీక్షించి రిటైరైనవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకరిని ఆదివారం పూట పిలిస్తే చాలు. వెనక రేకు మూయబోతుండగా టార్చి వేసి అడుగుతారు: “ఆగు బాబూ, ఆ గొట్టం చివర ఎక్కడుందో ఓసారి చూపించు.”