రాజీనామా పత్రంపై సంతకం చేసే ముందు

కార్మికుని తొలగించడానికి చట్టం యాజమాన్యంపై కొన్ని షరతులు విధించింది. కార్మికుడే రాజీనామా ఇస్తే ఆ షరతులేవీ వర్తించవు. "మీరే రాసిచ్చి గౌరవంగా వెళ్లండి, లేకుంటే మీ రికార్డు చెడిపోతుంది" అనే మాటలోని ఆంతర్యం ఇదే.

సిబ్బంది తగ్గింపు పేరుతో, ఏడాది సర్వీసు నిండిన కార్మికుని తొలగించాలంటే నెల రోజుల నోటీసు గాని, దానికి బదులు వేతనం గాని ఇవ్వాలి. సర్వీసులోని ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టానికి చేసిన సవరణతో లభించిన ఈ హక్కు, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉన్నది. పన్నెండేళ్లు పనిచేసినవానికి ఈ పరిహారం 180 రోజుల వేతనం. "స్వచ్ఛందంగా" అన్న ఒక్క మాట కింద సంతకం చేస్తే ఇదంతా పోతుంది. బలవంతంగా రాయించుకున్నారని నిరూపించే భారం కూడా కార్మికునిపైనే పడుతుంది.

కావున పిలిచిన గదిలో అక్కడికక్కడే సంతకం చేయరాదు. సంఘంతో సంప్రదించి చెబుతానని బయటికి రావాలి. తేదీ లేని కాగితంపైన, తెల్ల కాగితంపైన ఎన్నడూ సంతకం చేయరాదు. ఒత్తిడికి లొంగి చేయవలసి వస్తే, జరిగినదంతా వివరిస్తూ, రాజీనామాను ఉపసంహరించుకుంటున్నానని ఆనాడే యాజమాన్యానికి స్పీడ్ పోస్టులో రాసి, ప్రతిని కార్మిక శాఖాధికారికి పంపాలి. భావి తేదీతో ఇచ్చిన రాజీనామాను, నిబంధనలు అడ్డు రానప్పుడు, ఆ తేదీకి ముందే ఉపసంహరించుకోవచ్చునని సుప్రీంకోర్టు 1978లోనే తీర్పు చెప్పింది.

తన ఇష్టంతో మానుకునేవారికి సైతం హక్కులున్నాయి. వేతనాల కోడ్ ప్రకారం బాకీ వేతనం రెండు పనిదినాలలో చెల్లించాలి. అయిదేళ్ల సర్వీసు నిండినవారికి రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది. దానిని 30 రోజులలో చెల్లించాలి. సొమ్ము చేతికి అందకముందు "ఇక ఏ బాకీ లేదు" అన్న రసీదుపై సంతకం చేయరాదు. నియామక పత్రం, జీతం చీటీలు, హాజరు వివరాలు, భవిష్యనిధి ఖాతా సంఖ్య చివరి రోజుకు ముందే దగ్గర ఉంచుకోవాలి. ఆ తర్వాత కంపెనీ కంప్యూటరు తెరుచుకోదు.

శాఖా సంఘాలు ఈ విషయాలను గేటు సమావేశాలలో చదివి వినిపించాలి. రాజీనామా కోసం పిలుపు వచ్చిన ఏ కార్మికుడూ ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లకుండా చూడడం మన బాధ్యత.