పటం ఎవరి చేతిలో ఉంటే పొలం వాళ్లదే

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చీరాకముందే కొత్తపట్నం మండలం పల్లెల్లోకి కాలేజీల పీఆర్వోలు దిగుతారు. అరుగు మీద కూర్చుంటారు. మంచినీళ్లు అడిగి తాగుతారు. "ఫీజు గవర్నమెంటే కడతది, మీరు రూపాయి పెట్టక్కర్లా" అంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంచిలో వేసుకుని పోతారు. ఆ పిల్లకి ఏం చదవాలని ఉందో అడిగినవాడు ఉండడు. రెండేళ్లకు ఇంజనీరింగు మధ్యలో ఆగిపోయి పిల్లాడు ఒంగోల్లో సెల్ షాపులో తేల్తాడు. సర్టిఫికెట్లు మాత్రం కాలేజీ బీరువాలోనే ఉంటాయి. (ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాయితం పట్టుకెళ్లి అడిగేవాళ్లు కావాలి.)

ఈ పీఆర్వోలెవరూ పేరెత్తని ఒక చదువు గురించి ఈసారి రాస్తున్నాం. జాగ్రఫీ. "దేశాలూ రాజధానులూ బట్టీ పట్టేదేగా" అని తీసిపారేయొద్దు.

మన ఊళ్లలో తగాదాలన్నీ జాగ్రఫీయే. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ ముందు రోజు గొడవ పుట్టింది మంచినీళ్ల చెరువు కాడ. ఏ నీళ్లలో ఎవరు బిందె ముంచాలి, పల్లె ఊరికి ఏ దిక్కున ఉండాలి, మురుగు ఎటు పారాలి - ఇవన్నీ ఎవరో గీసిన గీతలే. కాయితం మీద లేకపోయినా ఆ పటం ఊరందరికీ కంఠతా వచ్చు.

కొత్తపట్నం ఇసుకనే చూడండి. సముద్రం పక్కనే దొరువులు తవ్వి పంటలు పండిస్తారు. పైన తీపినీరు, దాని కింద ఉప్పునీరు. ఎంత తోడాలో, ఎప్పుడు ఆపాలో కూలికి పోయే మన అమ్మలకు తెలుసు. రొయ్యల చెరువులు తవ్విన ఆసాములకు తెలియదా? తెలుసు, లెక్కలేదు. 1991లో తీరప్రాంత నిబంధనలు వచ్చాయి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా అవి వర్తిస్తాయన్నారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ హద్దు లోపలి రొయ్యల చెరువుల్ని తీసేయమంది. 2005లో పార్లమెంటు ఇంకో చట్టం తెచ్చి చెరువులకు మళ్లీ దారి ఇచ్చింది. ఇన్ని చట్టాలూ నిలబడేది ఆ పోటు గీత మీద. ఆ గీత గీసే గదిలో పల్లె మనిషి ఉన్నాడా?

భూమి సంగతీ అంతే. 2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలుపెట్టారు. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు పెట్టి హద్దులు కొలిచారు. మనవాళ్లు గట్టు మీద నిలబడి చూశారు. అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977 చట్టం అంటే, 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని 2023లో దాన్ని సవరించారు. ఇప్పుడు మన డి-పట్టా ఎకరం పక్క ఆసామి గట్టులో ఎన్ని సెంట్లు కలిసిందో తెలియాలంటే, పాత ఎఫ్.ఎం.బి.నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఉద్యమంలో లాయర్లున్నారు, పాట కట్టేవాళ్లున్నారు. పటం చదివేవాళ్లు ఎంతమంది ఉన్నారు? జాగ్రఫీ డిగ్రీలో నేర్పేది అదే - కొలవటం, గీయటం, ఉపగ్రహం తీసిన బొమ్మ చదవటం, కంప్యూటర్లో పటం చెయ్యటం. ఉద్యోగాల మాటా చెప్పాలి కదా. 2024 ఫిబ్రవరిలో జరిగిన గ్రూప్-2 స్క్రీనింగ్ పరీక్షలో 150 మార్కులకు 30 మార్కులు జాగ్రఫీవే.

ఇక డబ్బు. ఇక్కడే 'మెరిట్' అనే మాట అడ్డం పడుద్ది.

ఈ మాటతో మనల్ని కొట్టినట్టు కర్రతో కూడా కొట్టలేదు. 1986లో బీసీల రిజర్వేషన్లు పెంచితే మెరిట్ చచ్చిపోతుందని వీధికెక్కారు. 1990లో మండల్ అనగానే చీపుర్లు పట్టి రోడ్లూడ్చి, బూట్లు పాలిష్ చేసి వెక్కిరించారు. మన అమ్మలు రోజూ పొద్దున్నే చేసే పని వాళ్లకి వెక్కిరింత అయింది! ఆ దెబ్బకి, మెరిట్ అని రాసి ఉన్న కాయితం ఏది కనబడినా "అది వాళ్లదిలే" అని పక్కన పడేయటం మనకు అలవాటైంది. బాబాసాహెబ్ 1913లో అమెరికా వెళ్లింది బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీదే. 1944లో ఎస్సీ విద్యార్థులకు కేంద్ర స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయంటే ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో కూర్చుని పట్టుబట్టబట్టే. స్కాలర్‌షిప్ అడగటం చెయ్యి చాచటం కాదని ఆయనకు తెలుసు.

కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ ఒకటుంది. కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థుల సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ అంటారు. దేశం మొత్తానికి ఏటా 82 వేల కొత్త స్కాలర్‌షిప్పులు. డిగ్రీకి ఏడాదికి 12 వేల రూపాయలు. ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకూడదు. సగం ఆడపిల్లలకు. అందులో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం ఉంది. ఇంటర్లో 80 పర్సెంటైల్ పైన ఉండాలి. ఇది చూసి భయపడుతున్నారు. పర్సెంటైల్ అంటే నూటికి ఎనభై మార్కులు కాదు! పాసైన వందమందిలో పైనుంచి ఇరవైమందిలో ఉండటం. అదీ ఎవరి గ్రూపులో వాళ్లకే చూస్తారు. సర్కారు కాలేజీలో హెచ్.ఇ.సి. చదివిన మన పిల్ల, కార్పొరేట్ కాలేజీలో రాత్రింబవళ్లు రుబ్బించిన ఎం.పి.సి. వాడితో పోటీ పడక్కర్లేదు. సైన్సు, కామర్సు, ఆర్ట్స్ గ్రూపులకు 3:2:1 లెక్కన పంచుతారు. ఆర్ట్స్ వాటా ఆరింట ఒకటే. చిన్నదే. కానీ మనం అడగకపోతే ఆ చిన్నదీ ఇంకొకరి ఇంటికి పోతది.

ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఇది తీసుకుంటే ఫీజు రీయింబర్స్‌మెంటు గానీ, ఇంకో స్కాలర్‌షిప్ గానీ తీసుకోకూడదు. కాబట్టి లెక్క వేసుకోవాలి. ఎస్సీ పోస్ట్ మెట్రిక్‌కి ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. కేంద్రం 2021లో పెట్టిన నిబంధనల ప్రకారం బి.ఎ. లాంటి డిగ్రీకి హాస్టల్లో ఉంటే ఏడాదికి 6 వేలు, ఇంటి నుంచి వెళ్తే 3 వేలు, ఫీజు దానికి అదనం. ప్రైవేటు కాలేజీలో వేలకు వేలు ఫీజు ఉంటే పోస్ట్ మెట్రికే మేలు. ఫీజు నామమాత్రంగా ఉండే సర్కారు కాలేజీ అయితే 12 వేలే మేలు కావచ్చు. పీఆర్వో ఈ లెక్క చెప్పడు. వాడికొచ్చే కమీషన్ ఈ లెక్కలో లేదు. దూరవిద్యకు మెరిట్ స్కాలర్‌షిప్ రాదు. వచ్చాక నిలుపుకోవాలంటే ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. మిరప కోతలకు నెల రోజులు పంపిస్తే ఆ హాజరు పోతది - ఈ మాట అమ్మానాన్నలకు చెప్తున్నాం.

కాలేజీ ఏది? జాగ్రఫీ ఉన్న డిగ్రీ మన చుట్టుపక్కల దొరకటం కష్టం. విశాఖలో, తిరుపతిలో యూనివర్సిటీ శాఖలున్నాయి గానీ అవి డిగ్రీ తర్వాతి మాట. డిగ్రీకి హైదరాబాదులో నిజాం కాలేజీ, చెన్నైలో ప్రెసిడెన్సీ, ఆడపిల్లలకైతే అక్కడే క్వీన్ మేరీస్ ఉన్నాయి. ఒంగోల్లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై. కానీ వేరే రాష్ట్రపు కాలేజీలో మన కులం సర్టిఫికెట్ మీద రిజర్వేషన్ రాదు. 1990లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. సెంట్రల్ యూనివర్సిటీలో అయితే 15 శాతం సీట్లు మనవే. ఢిల్లీ యూనివర్సిటీలో కిరోరీమల్, మిరాండా హౌస్ కాలేజీల్లో జాగ్రఫీ ఆనర్స్ ఉంది. దానికి రాయాల్సిన సీయూఈటీ పరీక్ష 2022 నుంచి తెలుగులోనూ పెడుతున్నారు. ఇంటర్ ఫలితాల దాకా ఆగితే దాని దరఖాస్తు గడువు దాటిపోతది. ఏ కాలేజీకి పోయినా చేరకముందు మూడు సంగతులు అడగండి: జాగ్రఫీకి పర్మినెంటు లెక్చరర్ ఉన్నాడా, పటాల ల్యాబులో కంప్యూటర్లు పనిచేస్తున్నాయా, పిల్లల్ని సర్వేకి బయటికి తీసుకుపోతారా. మూడింటికీ నీళ్లు నమిలితే ఆ కాలేజీ గడప దిగండి.

1937 వేసవిలో ఈ కొత్తపట్నంలోనే రాజకీయ పాఠశాల పెడితే సర్కారు నిషేధించింది, లాఠీలు ఆడించింది. ఇవాళ ఎవరూ నిషేధించరు. గడువు దాటిపోయిందంటారు, అంతే.

సంఘం కార్యకర్తలకు పని ఇది. ఇంటర్ సెకండియర్ పిల్లలు ఎంతమంది ఉన్నారో జనవరిలోనే పల్లెపల్లె తిరిగి రాసుకోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లలో పేరు, టెన్త్ మార్కుల లిస్టులో పేరు, ఆధార్లో పేరు ఒకటేనా చూడండి. అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే దిద్దించండి. బ్యాంకు ఖాతాకి ఆధార్ ముడిపడిందో లేదో కనుక్కోండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఆ ఏటి నిబంధనలు చదివి పల్లెలో గట్టిగా వినిపించండి. మీ మండలంలో ఎంతమంది దరఖాస్తు పెట్టారో, ఎంతమందికి వచ్చిందో, ఎవరిది ఏ కారణం చెప్పి కొట్టేశారో మాకు రాయండి. కారణాలతో సహా అచ్చేస్తాం.