బడికిని ఇంటికిని నడుమ

2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టువారొక తీర్పు నొసగిరి. విశాఖపట్టణమున పోటీపరీక్షకు చదువుచు 2023లో మరణించిన యొక విద్యార్థినిని గూర్చి, దర్యాప్తు సరిగా జరుగలేదని తండ్రి తెచ్చిన వ్యాజ్యమది. న్యాయమూర్తులు విక్రమనాథ్, సందీప్ మెహతాగార్లు దర్యాప్తును సి.బి.ఐ. వారి కప్పగించుటతో నిలువక, దేశములోని విద్యాసంస్థల కన్నింటికిని పదునైదు నిబంధనలను విధించిరి. శాసనసభలు తగిన చట్టము చేయువరకు ఇవియే చట్టమువలె చెల్లునని చెప్పిరి. వానిలో నొకటి యిది: నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థయు, పిల్లల మనస్సుల సంగతి నెరిగి శిక్షణ నొందిన సలహాదారునో, మనస్తత్వశాస్త్రజ్ఞునో, సాంఘిక కార్యకర్తనో ఒక్కరినైన నియమింపవలయును. అంతకన్న చిన్న సంస్థలు బయటి నిపుణులతో నేర్పాటు చేసికొనవలయును.

ఈ నిబంధనలోని మూడవ మాటను మన విద్యాసంస్థల యజమానులును, ప్రభుత్వములును చదువక విడుతురేమోయని మాకు భయముగా నున్నది. న్యాయస్థానముల వాకిళ్లు త్రొక్కుచుండు మా కొక యనుభవము కలదు. చట్టము మూడు దారులు చూపినచో, అందు నడక తక్కువైనదానినే లోకము పట్టును. ఒక గది, ఒక బల్ల, తలుపుపై సలహాదారుని పేరు వ్రాసిన పలక, తనిఖీకి వచ్చినవారికి చూపుటకొక నియామకపత్రము. ఇంతటితో నిబంధన నెరవేరినట్లే యగును. గదిలోని మనిషి తన యొద్దకు వచ్చినవారితో మాటలాడును, రానివారి నెరుగడు. కష్టములోనున్న బిడ్డ యా గదికి వచ్చునా? ఎందరి విషయముననో ఆ బిడ్డ బడికే రాదు.

ఆ తీర్పులో నుదహరింపబడిన యంకెలనే చూడుడు. 2022లో దేశమున ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు 13,044 మంది. అందు పరీక్ష తప్పుటయే కారణమని చెప్పబడిన మరణములు 2,248. పరీక్షలు క్రూరములైనవి, కాదనము. కాని తక్కిన పదివేలకు పైబడిన బిడ్డల సంగతి యేమి? వారి బాధ ఇంటిలోనో, ఒంటిలోనో, తండ్రి యప్పులలోనో, పెండ్లి మాటలలోనో, ఎవరికిని చెప్పుకొనరాని యవమానములోనో యుండియుండును. బాధ పుట్టిన చోటికి నడచిపోగలవాడు వారికి కావలసియుండెను. ఆ నడకయే వృత్తిగా గలవాడు సాంఘిక కార్యకర్త. అందుచేతనే మూడవ మాటను మేము మొదటి మాటగా చదువుచున్నాము.

ఈ యుద్యోగము లోకమునకు క్రొత్త గాదు. 1906, 1907 సంవత్సరములలో అమెరికాలోని న్యూయార్కు, బోస్టను, హార్టుఫర్డు పట్టణములలో సేవాసంఘములవారు ఇండ్లకు పోవు ఉపాధ్యాయులను ఏర్పరచిరి. పరదేశములనుండి వలసవచ్చిన కూలీల బిడ్డలు బడికి రాకుండుట చూచి, నిర్బంధవిద్యాశాసనము బెదరింపువలన నెగ్గదని వారు గ్రహించిరి. 1913లో రోచెస్టరు పట్టణపు విద్యామండలి యీ వ్యయమును తానే వహించెను. మన దేశమున 1936లో బొంబాయిలో దొరాబ్జీ టాటాగారి పేర సాంఘికసేవాశిక్షణము నొసగు విద్యాలయము వెలసెను. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమువారును ఈ విద్యను చెప్పుచున్నారు. కాన చదివినవారు లేరను మాట చెల్లదు. చదివినవారికి బడిలో కుర్చీ లేదు.

ఇచ్చట నొక విడ్డూరము కలదు. 500 మంది గాని అంతకు మించి గాని కార్మికులున్న ప్రతి కర్మాగారమున సంక్షేమాధికారులను నియమింపవలయునని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విధించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలును విప్పి చూడుడు. ఎందరు పిల్లల కెందరు ఉపాధ్యాయులు, ఎన్ని గదులు, మరుగుదొడ్లు, త్రాగునీరు, వంటగది, ఆటస్థలము, గ్రంథాలయము, ప్రహరీగోడ, అన్నియు గలవు. ఆ గోడ కవతల నుండిపోయిన బిడ్డ యేల రాలేదని అడుగువాడు మాత్రము లేడు. యంత్రములయొద్ద పనిచేయు పెద్దవారికి అవసరమని తోచిన మనిషి పసిబిడ్డల కనవసరమని యెవరికి తోచెనో మాకు తెలియదు.

ఇట్టి కార్యకర్త చేయవలసిన పని యెట్టిదో మన సీమలోనే చూతము. కర్నూలు జిల్లా పడమటి మండలములైన కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళము ప్రాంతములనుండి ఏటేట కూలీలు గుంటూరు మిరపకోతలకు తరలిపోవుదురు. సుగ్గికి పోవుట యని అచ్చటివారందురు. వాన తప్పి, చేతికి పని లేక, ఇంటికి తాళము వేసి, బిడ్డలను వెంటగొని పోవుదురు. బడి హాజరుపట్టీలో ఆ పేర్ల కెదుట గైరుహాజరు వరుసగా పడుచుండును. ఉపాధ్యాయు డెరుగడని కాదు. ఎరిగి యేమి చేయగలడు? వలసపోవువారి బిడ్డలకొరకు ప్రభుత్వము సీజనల్ హాస్టళ్ల నేర్పరచుట కలదు. కాని పదేండ్ల ఆడబిడ్డను ఊర విడిచిపోవుటకు తల్లి జంకును. రాత్రి యెవరు కాపుందురు? జ్వరము వచ్చిన నెవరు చూతురు? కోతకు పోయినచోట చంటివాని నెవ రెత్తుకొందురు? ఈ ప్రశ్నలకు గోడ కంటించిన ప్రకటన బదులు చెప్పజాలదు.

బండి కదలుటకు నెలదినములు ముందే ఆ గుమ్మము నెక్కువాడు కావలయును. ఒకమారు కాదు, మూడుమార్లు పోయి, తల్లిని హాస్టలునకు తోడ్కొనిపోయి, పడుకొను గదిని, వండు మనిషిని చూపవలయును. అవ్వయొద్ద నుంచుటకు వీలున్నచో ఆ యింటికి బియ్యమెట్లు సమకూడునో విచారింపవలయును. వెంటగొనిపోక తప్పనిచో, ఏ యూరి పొలిమేరలో గుడిసె వేయుదురో కనుగొని, అచ్చటి హెడ్మాస్టరునకు జాబు వ్రాయవలయును. వలసకుటుంబముల బిడ్డలను బడిలో చేర్చుట స్థానికప్రభుత్వముల విధియని విద్యాహక్కు చట్టపు 9వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. తెలంగాణపు ఇటుకబట్టీలకు ఒడిశానుండి వచ్చు కుటుంబముల బిడ్డలకును ఇదియే హక్కు. వారికి భాష యొక యడ్డంకి యగుటచేత పని యింకను కష్టతరము. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరబిడ్డలకు చదువు చెప్పుటకు ముందు తామే సవరభాషను నేర్చిరి. బిడ్డ యొద్దకు బడి నడచుట యన నది.

మఱికొన్ని సంగతులు చూచుట కల్పములు. వెనుకబెంచీలోని బాలుడు మందమతి యని పేరొందును. నల్లబల్లపై నక్షరములు వానికి కానరావని యొక్కరును కనిపెట్టరు. వానికి కావలసినది బెత్తము కాదు, కండ్లజోడు. ఆధారు కార్డులో నొక యక్షరము తప్పుగా పడినందున ఒక బాలికకు ఉపకారవేతన మాగిపోవును. దానిని దిద్దించుటకు తండ్రి మూడు కచేరీలు తిరుగవలయును, తిరిగిన దినములకు కూలి పోవును, కావున తిరుగడు. తండ్రికి క్షయ సోకిన యింటిలో ఎనిమిదవ తరగతి కుఱ్ఱవాడు మోటారు షెడ్డులో రాత్రి దాక పనిచేసి, పగలు తరగతిలో కునుకుచు దెబ్బలు తినును. ఏ కచేరీలో నెవరి నడుగవలయునో, ఏ యాసుపత్రిలో మందు లుచితముగా నిత్తురో తెలిసిన మనిషి యొకడున్నచో ఇవి వారము దినములలో తీరును. లేనందువలన బిడ్డ చదువే తీరిపోవుచున్నది.

ఆడబిడ్డల పెండ్లిండ్ల మాట వేరుగ చెప్పవలయును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, 20 మొదలు 24 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో 18 ఏండ్లు నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5. 2006 నాటి బాల్యవివాహ నిషేధచట్టము చేతిలో నున్నది. కాని పందిరిలోనికి పోలీసులు వచ్చునప్పటికే కట్నమునకు చేసిన యప్పు పుట్టియుండును, బంధువులు దిగియుందురు. ఆ దినమున నాగిన పెండ్లి మఱునాడు పొరుగూరి గుడిలో జరుగును. మాటలు సాగునప్పుడే తండ్రియొద్ద కూర్చుండువాడు కావలయును. "ఆడబిడ్డ, అయ్యా! రేపేమైన నైనచో ఊరిలో తలయెత్తుకొనలేము" అని యతడనును. ఆ మాటను మూఢత్వమని కొట్టివేయువాడు ఆ యింట రెండవమారు కాలుపెట్టలేడు. కస్తూర్బా గాంధీ బాలికావిద్యాలయమున భోజనవసతులతో సీటు గలదని చూపి, ఆ పిల్లవంటి మఱియొక పిల్ల తల్లిచేత నాలుగు మాటలు చెప్పించువాడు సాధించును.

ఇంటికి పోవువాడు పోలీసు కాడు, లెక్కలు వ్రాసికొనువాడును కాడు. 2002 నాటి రాజ్యాంగసవరణవలన బిడ్డలను చదివించుట తల్లిదండ్రుల విధి యైనది. ఆ విధి పేరు చెప్పి బీదవానిని దూషించుట తేలిక. 2020లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన అమ్మ ఒడి పథకమున తల్లుల ఖాతాలలో ధనము వేసిరి, మేలైన పని. పిదప 2022లో నూటికి 75 హాజరు లేనివారి కా ధనము నాపిరి. హాజరు తగ్గిన యిల్లే కష్టములో మునిగిన యిల్లు గదా! ఆ యింటి కొక మనిషిని పంపి యడిగించుటకు మారుగా ధనము నాపుట యే నీతియో మాకు బోధపడలేదు. బీదలు బిడ్డల చదువును కోరరనుట యబద్ధమని మన రంగారెడ్డి జిల్లాలోనే ఋజువైనది. 1991 మొదలు ఎం. వెంకటరంగయ్య ఫౌండేషనువారు శాంతాసిన్హాగారి నాయకత్వమున గ్రామయువకులచేత ఇల్లిల్లు తిరిగించి, పనిలోనున్న బిడ్డలను శిబిరములలో చదివించి, వయస్సునకు తగిన తరగతులలో చేర్పించిరి. ఆమెకు 2003లో మెగసేసే పురస్కారము లభించెను. ఆ యువకులు చేసినపని ప్రతి మండలమున నిత్యకృత్యము కావలదా?

ఉపాధ్యాయులే యీ పని చేయరాదా యని కొంద రడుగుదురు. మంచి ఉపాధ్యాయులు కొందరిప్పటికిని చేయుచున్నారు, వారికి నమస్కారము. కాని తరగతిని విడిచి యెన్నిమార్లు పోగలరు? జనాభాలెక్కలకు, ఎన్నికలకు, ఉత్పాతములకు తప్ప మఱియొక పనికి వారిని తీయరాదని విద్యాహక్కు చట్టపు 27వ సెక్షను చెప్పుచుండ, ఉన్న పనులకే వారు చాలకున్నారు. మఱియు బిడ్డ ఫిర్యాదు ఒక్కొక్కప్పుడు ఉపాధ్యాయునిమీదనే యుండును. కొట్టినవాని కెట్లు చెప్పుకొనును? గ్రామసచివాలయములలో సంక్షేమవిద్యాసహాయకులు గలరందురు. పింఛనులకును పథకములకును సర్వేలకును వారు పరుగెత్తుట మేము చూచుచున్నాము. పదిపనుల నడుమ పదునొకండవదిగా బిడ్డ మనస్సు నప్పగించుట న్యాయము కాదు.

బిడ్డ చెప్పిన మాట స్టాఫురూములో చర్చకు రాకూడదు. ఇది యీ వృత్తికి ప్రాణము. ఒక్క సంగతి మాత్రము దాచరాదు. బిడ్డపై లైంగికాపరాధము జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపవలయునని 2012 నాటి పోక్సో చట్టపు 19వ సెక్షను విధించినది, తెలుపకుండుట శిక్షార్హము. బడిపేరు పోవునని తలుపులు మూసి సర్దుబాటు చేయు పెద్దమనుష్యులు ఈ సెక్షనును చదివికొనుట మంచిది.

ప్రైవేటు హాస్టలు కళాశాలల చిక్కు వేరు. అచ్చట బిడ్డ తండ్రి పొలము తాకట్టుపెట్టి ఫీజు కట్టియుండును. నాకీ చదువు వలదని బిడ్డ యనలేదు. ఎట్లున్నావని తండ్రి యడుగలేడు. వారిద్దరి నడుమ మాట కలుపువాడు యజమాని జీతగాడైనచో, యజమాని లాభమునకు విరుద్ధముగా ఎట్లు పలుకును? మార్కులనుబట్టి బిడ్డలను వేరు బ్యాచీలుగా విడదీయుటను, పదిమందిలో నవమానించుటను అదే తీర్పు మాన్పించినది. జిల్లాకొక పర్యవేక్షణసంఘమును కలెక్టరు అధ్యక్షతన నేర్పరపుమన్నది. కార్యకర్త తాను చూచినదానిని, పేర్లు దాచి, నేరుగా ఆ సంఘమునకు నివేదించు హక్కును నిబంధనలలో వ్రాయవలయును. అతనిని తొలగించుటకు ఆ సంఘపు సమ్మతి యుండవలయును.

ప్రభుత్వపాఠశాలలయందు వ్యయమెట్లని యడుగువారికి మా సూచన యిది. మొదట వలసమండలములలోను, ఏజెన్సీలోను, బాల్యవివాహము లధికముగానున్న చోట్లను, అయిదాఱు బడులకొక కార్యకర్తను నియమింపుడు. కాని కాంట్రాక్టు మీద వలదు. జీతము నెలనెల చేతికందక, వచ్చే యేడు తానుందునో లేదో తెలియని మనిషికి ఏ బిడ్డ తన గుండె విప్పును? ఒక యింటి గుమ్మము తెరచుకొనుటకే సంవత్సరము పట్టును.

తల్లిదండ్రులు చేయదగినది యొకటి గలదు. పాఠశాలా యాజమాన్యసంఘములో నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రు లుండవలయునని చట్టము. పాఠశాల యభివృద్ధి ప్రణాళికను వ్రాయునది యా సంఘమే. ప్రభుత్వము ధనము మంజూరుచేయుట కా ప్రణాళికయే యాధారమని 22వ సెక్షను చెప్పుచున్నది. గోడకు సున్నము, కుళాయికి గొట్టము అని వ్రాయుచున్న ఆ కాగితముపై ఈ మారు మొదటి పంక్తిలో, నిరుడు ఏయే నెలలలో ఎందరు బిడ్డలు బడి మానిరో, ఏ కారణమున మానిరో వ్రాసి, వారి యిండ్లకు పోవుటకొక కార్యకర్తను కోరుచు తీర్మానింపుడు. నకలు మండలవిద్యాధికారికిని, కలెక్టరునకును స్పీడు పోస్టులో పంపి రసీదు నుంచుకొనుడు. బిడ్డల పేర్లు తొలగించి ఒక నకలు మాకును పంపినచో ఈ పత్రికలో ప్రకటింతుము.