పసిబిడ్డలకు ఆంగ్లం

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు నిలిచినను బ్రేకు, క్లచ్చి, గేరు, రేడియేటరు అను మాటలు వినవచ్చును. బడి ముఖమెరుగని కార్మికుడు సైతం వాటిని తడబడక పలుకును. వస్తువు చేతనుండగా మాట నోటికి వచ్చినది, అంతే. స్పానరును మాత్రం నేటికీ ‘పానా’ అనియే అందురు. అందువలన పనికి వచ్చిన లోటేమియు లేదు!

మూడు నాలుగేండ్ల బిడ్డకు ఆంగ్లం పరిచయం చేయుటకు ఇదియే తగిన మార్గమని నా అభిప్రాయం. స్నానం చేయించుచు ‘సోప్’, ‘వాటర్’; చొక్కా గుండీలు పెట్టుచు ‘వన్, టూ, త్రీ’; తలుపు తీయుచు ‘ఓపెన్’, మూయుచు ‘క్లోజ్’. రోజునకు రెండు మాటలు చాలును. పలకా బలపమూ అప్పుడే వలదు.

అయితే ఇంట తెలుగు, ఉర్దూ మాని ఆంగ్లమే పలుకవలెనని తల్లులకు చెప్పు బడులున్నవి. ఇది అన్యాయం. వచ్చీరాని ఆంగ్లంలో ఆ తల్లి బిడ్డకు కథ చెప్పగలదా? మనసార మందలించనైనా గలదా? ఇల్లే మూగవోవును. వీలైన చోటనెల్ల కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన జరుగవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానం సైతం పేర్కొన్నది. ఇంట అమ్మీతో ఉర్దూ, వీధిలో నేస్తాలతో తెలుగు మాటాడు మన పేటల పిల్లలకు ఆంగ్లం మూడవ భాష. మొదటి రెండింటిని లేపివేసి దానిని కూర్చుండబెట్టుట దేనికి?