చదివిన బిడ్డ మాట కూడా విందాము



"మా అబ్బాయి చిన్నప్పుడు కథల పుస్తకం కనబడితే వదిలేవాడు కాదు. తొమ్మిదో తరగతికి వచ్చాక ముట్టడం లేదు. ఈ వయసు పిల్లలకు ఏ పుస్తకాలు ఇవ్వాలో చెప్పండి" అని తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. పది పుస్తకాల పేర్లు వ్రాసి ఇవ్వడం తేలికే. ఈసారి ఆ పని చేయకుండా, రాయవరం ప్రాంతంలో ఆదివారం ఆరాధన తరువాత ఆగిన 13 మొదలు 18 ఏళ్ళ బిడ్డలనే అడిగాము. ఏమి చదివారు? ఏది నచ్చింది? ఏది సగంలో మూసేశారు, ఎందుకు? పేర్లు వ్రాయబోమని ముందే మాట ఇచ్చాము. వారు చెప్పినవాటిలో కొన్ని మాకు సంతోషం కలిగించాయి, కొన్ని గుచ్చుకున్నాయి. రెండు రకాలూ మీ ముందు పెడుతున్నాము.

బిడ్డల మాటలకు ముందు ఒక సంగతి గమనించాలి. తెలుగులో చిన్నపిల్లల కొరకు మంచి ప్రయత్నాలు జరిగాయి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరు పొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించారు. 1947 జూలైలో ‘చందమామ’ వచ్చింది. ఎన్నో ఇండ్లలో మూడు తరాలవారు దానిని చదివారు. అది అచ్చు కావడం ఆగిపోయి పదేళ్ళు దాటింది. ఇక పెద్దవారికి నవలలున్నాయి, వారపత్రికలున్నాయి. ఈ రెంటికీ మధ్య నిలబడిన బిడ్డకు ఏమున్నది? పరీక్షల గైడు ఒక చేతిలో, సెల్‌ఫోను మరొక చేతిలో.

ఇతర దేశాలలో ఈ వయసును వేరుగా ఎంచి వ్రాసే నవలలు చాలా ఉన్నాయి. 1967లో అమెరికాలో అచ్చయిన ‘ది అవుట్‌సైడర్స్’ అనే నవలను ఎస్. ఇ. హింటన్ అనే అమ్మాయి హైస్కూలులో చదువుకుంటూనే వ్రాసింది. తన ఈడువారి బ్రతుకు ఉన్నది ఉన్నట్టుగా పుస్తకాలలో కనబడడం లేదన్నదే ఆమె బాధ. ఆ దేశపు గ్రంథాలయాలవారు 2003లో మరొక ఏర్పాటు కూడా చేశారు. 12 నుండి 18 ఏళ్ళ పిల్లల చేతనే ఓట్లు వేయించి, వారికి నచ్చిన పది పుస్తకాలను ప్రకటించసాగారు. మన దేశంలో కేంద్ర సాహిత్య అకాదెమీ 2010 నుండి బాలసాహిత్య పురస్కారం ఇస్తున్నది. మొదటి ఏట తెలుగులో కలువకొలను సదానంద గారి ‘అడవితల్లి’ నవలకు వచ్చింది. అది మంచి పనే. అయితే ఇక్కడ ఎంచేవారు పెద్దలు. చదివిన బిడ్డ ఏమనుకున్నదో అడిగే అలవాటు మన ఇండ్లలో లేదు, సంఘాలలోనూ తక్కువే.

ఇప్పుడు బిడ్డల మాటలు వినండి.

మొదటిది, కథలో తమ ఊరు కనబడాలని వారి కోరిక. పసలపూడి రాయవరం మండలంలోని గ్రామమే. సినిమా దర్శకుడు వంశీ గారు వ్రాసిన ‘మా పసలపూడి కథలు’ బాపు గారి బొమ్మలతో స్వాతి వారపత్రికలో వచ్చాయి. అవి పెద్దల కొరకు వ్రాసినవి, అన్నీ పిల్లలకు తగినవని మేము చెప్పము. అయినా ఇంటర్మీడియట్ చదివే ఒక అబ్బాయి ఇలా అన్నాడు: "మేము రోజూ తిరిగే ఊళ్ళ పేర్లు అచ్చులో చూసేసరికి భలే సంతోషం వేసిందండి. మా వయసువాళ్ళ గురించి ఇలా ఎవరూ రాయరేంటండి?" ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులలో, యౌవనస్థులలో వ్రాయగలవారు ఉంటే జవాబు మీరే ఇవ్వాలి.

రెండవది, ఊరు దూరమైనా మనసు దగ్గరగా ఉండాలట. పదో తరగతి అమ్మాయి ఒకతె ఆన్ ఫ్రాంక్ డైరీ చదివింది. ఆ యూదుల బాలికకు 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజున ఆ డైరీ బహుమానంగా వచ్చింది. తరువాత నాజీలకు చిక్కకుండా ఆమె కుటుంబం ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో రెండేళ్ళకు పైగా దాగి ఉన్నది. మన అమ్మాయి యుద్ధం గూర్చి మాట్లాడుతుందని మేము ఎదురు చూశాము. ఆమె అన్నది వేరు: "వాళ్ళమ్మతో గొడవ పడి, మళ్ళీ తనే కూర్చుని బాధపడుతుందండి. నేనొక్కదాన్నే అలా ఉన్నాననుకున్నాను." తల్లులు ఈ మాటను మనసులో ఉంచుకోవాలి.

నండూరి రామమోహనరావు గారు మార్క్ ట్వైన్ నవలను ‘రాజు-పేద’ పేరుతో తెలుగు చేశారు. దాని గూర్చి ఒక కూలివారి అబ్బాయి, "బట్టలు మారితే మనిషినే గుర్తు పట్టరన్నమాట" అన్నాడు. నామిని గారి ‘సినబ్బ కథలు’ చిత్తూరు పల్లె మాటలో ఉంటాయి. "మొదట అర్థం కాలేదండి. తరువాత మా నాయనమ్మ మాటలు కూడా పుస్తకంలో రాయొచ్చు కదా అనిపించింది" అని మరొకడు అన్నాడు. ఎవరూ చెప్పకుండానే వీరు ఇంత గ్రహించారు.

మూడవది మాకు గుచ్చుకున్న మాట. "మన సంఘం బీరువాలో ఉన్న యౌవనుల పుస్తకాలు చదివారా?" అని అడిగితే కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక అబ్బాయి, "మొదటి పేజీలో అబ్బాయి సినిమాకి వెళ్తాడండి. చివరి పేజీలో ఏమవుతుందో అక్కడే తెలిసిపోతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఆ పిల్లలు మంచిమాట వద్దనడం లేదు, తమను ఆలోచించనివ్వమని అడుగుతున్నారు. మన ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల ఉపమానాన్ని జ్ఞాపకం చేసుకోండి. తప్పిపోయి తిరిగివచ్చిన తమ్ముని కొరకు ఇంట్లో విందు జరుగుతుంటే అన్న కోపంతో బయట నిలిచాడు. తండ్రి వెలుపలికి వచ్చి బ్రతిమాలాడు. ఆ పెద్ద కుమారుడు లోపలికి వెళ్ళాడా, లేదా? ఉపమానం చెప్పదు. వినేవాడు తన్ను తానే ప్రశ్నించుకోవాలి. కథకు అంత చోటు ఇవ్వవచ్చునని మనకు అక్కడే నేర్పబడింది.

ఇది రుచికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. కాలేజీకి బస్సులో వెళ్ళే ఒక అమ్మాయి సంగతి, ఆమె తల్లిదండ్రుల అనుమతితోనే, గుర్తులు తీసివేసి వ్రాస్తున్నాము. బస్సులో ఒకడు రోజూ వెంటపడి మాటలనేవాడు. ఆ రోజులలోనే ఆమె ఒక చిన్న పుస్తకం చదివింది. అందులో అలాంటి కష్టం వచ్చిన అమ్మాయినే ఇంటిల్లిపాదీ నిందిస్తారు, చదువు మాన్పిస్తారు. తలవంచుకుని నడిస్తే ఇలా జరగదన్నది ఆ పుస్తకం నీతి. వ్రాసినవారి ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చును. కానీ ఈ బిడ్డ దానిని చదివి, ఇంట్లో చెబితే తన చదువు కూడా ఆగిపోతుందని వారాల తరబడి నోరు మూసుకున్నది. అన్నం సరిగా తినలేదు. తుదకు పిన్నితో చెప్పుకుని ఏడ్చింది. తండ్రి చదువు మాన్పించలేదు. కొన్ని రోజులు తానే బస్సులో తోడు వెళ్ళాడు, కండక్టరుతో మాట్లాడాడు. సంగతి చక్కబడింది. ఆ తండ్రి మాతో అన్న మాట ఇది: "నా కూతురు నన్ను చూసి భయపడిందండి. ఆ పుస్తకం గురించి ఒక్కసారి అడిగినా అప్పుడే చెప్పేది."

పెద్దల భయం కూడా మాకు తెలుసు. పిల్లల ఇష్టానికి వదిలితే చెడ్డ పుస్తకాలు చదవరా? అభిప్రాయం అడగడమంటే అన్నిటికీ తలూపడం కాదు. పసలపూడి కథల అబ్బాయికి, ఏ కథ ఎందుకు తన వయసుకు తగదో కూర్చోబెట్టి చెప్పవచ్చును. అలా చెప్పాలంటే ముందు మనము ఆ పుస్తకం చదవాలి, ఆ తరువాత బిడ్డ చెప్పేది వినాలి. చదవకుండా లాక్కుంటే ఆ బిడ్డ రేపు దానిని ఫోనులో, తలుపు వేసుకుని చూస్తాడు. అప్పుడు అడిగేవారు ఉండరు, చెప్పేవారు ఉండరు.

కథలు కాలక్షేపమే కదా అనేవారు బోయి భీమన్న గారిని జ్ఞాపకం చేసుకోవాలి. ఆయన 1911లో కోనసీమలోని మామిడికుదురులో జన్మించారు. ఆయన ‘పాలేరు’ నాటకం చూచి, పశువుల వెంట పంపే పిల్లలను బడికి పంపిన కుటుంబాలున్నాయని మన ప్రాంతపు వృద్ధులు చెబుతారు. ఒక కథ బిడ్డ నోరు మూయించగలదు, మరొక కథ బిడ్డను బడికి నడిపించగలదు. కాబట్టి ఏ కథ ఏమి చేసిందో బిడ్డనే అడగాలి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని మీరు అడగవచ్చును. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమ పితామహుడని పేరు పొందిన అయ్యంకి వెంకటరమణయ్య గారు 1890లో జన్మించినది మనకు చేరువలోనే, బిక్కవోలు మండలం కొంకుదురులో. ఆ ఉద్యమకాలంలో, 1935లో, కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా ఇచ్చారు. నేడు మనము ఇంటి పన్ను కట్టినప్పుడు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాము. కనుక గ్రంథాలయం మీద మనకు హక్కున్నది. బిడ్డను వెంటబెట్టుకుని దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి వెళ్ళి సభ్యత్వం తీసుకోండి. కావలసిన పుస్తకం లేకపోతే అడగండి. అడిగేవారుంటేనే తెప్పిస్తారు.

సంఘాలలో చేయదగిన చిన్న పని ఒకటి ఉన్నది. బీరువాలోని పుస్తకాల ప్రక్కన తెల్లకాగితాల నోటుబుక్కు ఒకటి దారం కట్టి ఉంచండి. పుస్తకం తిరిగి ఇచ్చే ప్రతి బిడ్డ అందులో మూడు సంగతులు వ్రాయాలి: ఎక్కడ ఆగిపోలేక చదివాను, ఎక్కడ విసుగు వేసింది, ఎవరితో మాట్లాడాలనిపించింది. పేరు వ్రాయడం వారి ఇష్టం. అక్షరదోషాలు దిద్దవద్దు. ఎవరు వ్రాశారని ఆరా తీయవద్దు. నెలకొకసారి కాపరిగారు, సండేస్కూలు టీచర్లు, తల్లిదండ్రులు దానిని చదవండి. మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబులను మరీ శ్రద్ధగా చదవండి.

ఇంట్లో కూడా, రాత్రి భోజనాల దగ్గర, "ఎన్ని పేజీలు చదివావు?" అనే ప్రశ్న మాని, "ఆ అమ్మాయి చేసింది నీకు సబబుగా తోచిందా?" అని అడిగి చూడండి. జవాబు మధ్యలో అందుకోవద్దు. జపాను దేశపు ‘రైలుబడి’ కథలో, బడిలో చేరడానికి వచ్చిన చిన్నపిల్ల మాటలను ప్రధానోపాధ్యాయుడు నాలుగు గంటలు కూర్చుని విన్నాడు. మన ప్రభువు కూడా పన్నెండేళ్ళప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడిగాడు. ఆ పెద్దలు ఆయనను లేచి పొమ్మనలేదు, విని ఆశ్చర్యపడ్డారు. నాలుగు గంటలు మనకు కుదరకపోవచ్చును. పావుగంట కుదురుతుంది.

ప్రియ యౌవనస్థులారా, ఇక మీ వంతు. ఈ మధ్య మీరు చదివిన ఒక పుస్తకం గూర్చి కార్డు మీదైనా సరే మాకు వ్రాయండి. ఇది పోటీ కాదు, బహుమతులు లేవు. నచ్చలేదని వ్రాసినా కోపగించము. వచ్చిన ఉత్తరాలలో కొన్ని, పేర్లు లేకుండా, ఈ పేజీలోనే వేస్తాము.