కొమ్మకో స్టెంటా?

"మా తమ్ముడికి ఒక్క స్టెంటే వేశారేంటండీ? మా వియ్యంకుడికి రెండు కొమ్మలకూ రెండు వేశారు" అని మొన్న క్యాథ్‌ల్యాబ్ బయట ఓ పెద్దాయన నన్ను నిలదీశాడు. ఆయన మీద కోపం లేదు. ఆ లెక్క ఆయన బుర్రలోకి ఎక్కించింది మా గుండె డాక్టర్లే. కాన్ఫరెన్సులో పెద్ద తెర, లైవ్ కేసు, గుండె రక్తనాళం చీలిన చోట పక్క కొమ్మ మూతి గుండ్రంగా తెరుచుకోగానే హాలంతా చప్పట్లు. ఒక్క స్టెంటు వేసి చేతులు కడుక్కున్నవాడికి ఎవరైనా చప్పట్లు కొట్టారా?

ఈ రెండు స్టెంట్ల పద్ధతుల పేర్లు చూడండి. కులొట్ అంటే ఫ్రెంచిలో లాగు. నాళానికి రెండు కాళ్ల లాగు తొడుగుతారు. క్రష్‌లో పక్క కొమ్మ స్టెంటు మొదలును పెద్ద నాళం గోడకేసి నలిపేస్తారు. అక్కడ మూడు పొరల లోహం! ఇంత హడావిడీ దేనికి? ఫిల్ములో కొమ్మ మూతి నొక్కుకుపోయినట్టు కనిపించిందని. కనిపిస్తే సరిపోతుందా? కొరియాలో కూ బాన్ క్వాన్ బృందం అలాంటి కొమ్మల్లో ప్రెషర్ వైరు పెట్టి కొలిచి 2005లో లెక్క చెప్పింది. 75 శాతమో అంతకు మించో మూసుకున్నట్టు కనిపించినవి 73. నిజంగా రక్తం తగ్గినవి 20.

2017 ఫిబ్రవరిలో మందు పూత స్టెంటు ధరను కేంద్రం 29,600 రూపాయలకు కట్టేశాక రెండోది వేయడానికి చేయి మరీ తేలికైందని నా అనుమానం. రుజువు అడక్కండి.

డీకే క్రష్, అంటే రెండు నాళాల్లో రెండు బెలూన్లను ఒకేసారి ఉబ్బించే 'కిస్సింగ్'ను రెండుసార్లు చేసే క్రష్, గెలిచిందిగా అంటారు. గెలిచింది, 2017లో, ఎడమ మెయిన్ నాళం చీలికలో: ఏడాదికి వైఫల్యం 5 శాతం, ఒకటి వేసి అవసరమైతేనే రెండోది వేసిన పక్షంలో 10.7. అందులో ఆరితేరినవాళ్లు, ఒక్క మెట్టూ దాటేయకుండా చేశారు. మనవాడు రెండో కిస్సింగ్ బెలూన్ దగ్గరికి వచ్చేసరికి గడియారం చూస్తాడు. 2021లో యూరప్ వాళ్లు అదే ఎడమ మెయిన్ చీలికను 467 మందిలో చూస్తే, వైఫల్యం ముందే రెండు వేసిన వైపు 17.7 శాతం, అవసరాన్ని బట్టి వేసిన వైపు 14.7. ఆ తేడా లెక్కలోకి రాదంటారు గణాంకాలవాళ్లు. రెండు గెలవలేదు కదా, నాకది చాలు.

మరేం చేయాలంటారా? కొమ్మలో వైరు ఉంచి పెద్ద నాళంలో ఒకటి వేయండి, చీలికకు ముందు భాగాన్ని పెద్ద బెలూన్‌తో సర్దండి, ఆగి చూడండి. రెండోది తప్పదనిపిస్తే అప్పుడు వేద్దాం. ఎప్పుడు తప్పదంటే... అది మనిషిని బట్టి.

ఆ పెద్దాయనకు తమ్ముడి కొమ్మలో ప్రెషర్ వైరు రీడింగు చూపించాను: పూర్తి ఒత్తిడి 1 అనుకుంటే 0.88. 0.80 దాకా దిగితేనే కదా బెంగ, అన్నాను. ఆయన కాసేపు దాన్నే చూసి, "మరి మా వియ్యంకుడికి కొలిచారంటారా?" అన్నాడు.